417 ఫైలులో కొత్త కాగితం

మార్చి 6, 1982. శనివారం

నెలకోసారి వచ్చే డ్రిల్ రోజు. ఆరు విమానాలూ వచ్చేశాయి. రెగ్యులర్ ఎయిర్ ఫోర్స్ వాళ్ళు ఏళ్ళ తరబడి వాడి వదిలేసినవి. మా నేషనల్ గార్డ్‌కి మాత్రం కొత్తవే. టామ్ రన్‌వే పక్కన నిలబడి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. నెలంతా హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి, ఒక్క శని ఆదివారాలు ఫైటర్ నడిపే మనిషి. మా మెకానిక్ ఎడ్డీ ఉత్తరాలు పంచే ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వచ్చాడు, రెక్కల రేకులు తడిమి చూడటానికి.

విమానాలతో ఆరు పెట్టెల కాగితాలు. అవి నావి.

విమానాలతో ఒక మనిషి కూడా. డేల్. రెగ్యులర్ సార్జెంట్. సలహాదారుగా ఇక్కడే ఉంటాడట. ఫ్రాంక్ నా దగ్గరికి వంగి — "సలహాకి రాలేదు సారా. మన తప్పులు ఏరడానికి వచ్చాడు."

సరోజిని అనే పేరు ఈ బేస్‌లో ఎవరి నోటా తిరగదు. మూడేళ్ళుగా సారానే.

మార్చి 8, సోమవారం

మామూలు రోజుల్లో బేస్ ఖాళీ. ఫుల్‌టైమ్ వాళ్ళం పిడికెడు మందిమి — మెయింటెనెన్స్ చీఫ్‌గా ఫ్రాంక్, రికార్డుల గదిలో నేను, ఇంకొందరు.

ఫ్రాంక్ తలుపు వేసి చెప్పాడు. వాషింగ్టన్‌లో లెక్క వేస్తున్నారట — రోజూ పనిచేసే రెగ్యులర్ల చేతిలో ఎన్ని స్క్వాడ్రన్లు ఉంచాలి, మాలాంటి వారాంతపు వాళ్ళకి ఎన్ని ఇవ్వాలి. మే నెల డ్రిల్‌లో తనిఖీ. ఆరూ ఎగిరితే విమానాలు మావి. లేకపోతే రన్‌వేకి అవతల ఉన్న రిజర్వ్ వాళ్ళవి. వాళ్ళూ వారాంతపు వాళ్ళే, కానీ వాళ్ళది వాషింగ్టన్ పెత్తనం, మాది రాష్ట్రం పెత్తనం. "రెగ్యులర్లకి మనిద్దరికీ ఇవ్వాలని లేదు. ఇద్దరూ ఓడిపోతే విమానాలు మళ్ళీ వాళ్ళ దగ్గరికే."

మధ్యాహ్నం డేల్ కాఫీ పట్టుకుని నా గుమ్మంలో. ఏ పెట్టె ముందు చూస్తావని అడిగాడు. ఎందుకు అడిగినట్టు? వరసగా చూస్తానన్నాను. అబద్ధం.

మార్చి 11

417 నంబరు విమానం పెట్టె తాడు ముడి నాది కాదు. నేను పక్కకి వేస్తాను. ఇది పైన ఉంది.

మార్చి 12

డేల్‌ని అడగలేదు. ఫ్రాంక్‌నీ అడగలేదు. ఒక ముడి గురించి ఏమని అడగను... ఇవాళ నుంచి గదికి తాళం వేస్తున్నాను, బాత్రూమ్‌కి వెళ్ళినా.

మార్చి 20, శనివారం

ఎడిసన్‌లో రమణ గారింట్లో భోజనాలు. అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు, వాళ్ళ భార్యలు. నా ఉద్యోగం మాట వచ్చేసరికి గదిలో ఒక చిరునవ్వు బయల్దేరుతుంది. రమణ గారు గారె తుంచుతూ — "సరోజిని గారూ, రేపు ఏ దేశం మీదికో పంపితే వెళ్తారా?" నా చేతిలో ఉండేది పెన్సిల్ అన్నాను. "పెన్సిలయినా వాళ్ళదేగా."

ఇంటికి కారు మా ఆయనే నడిపారు. పార్సిప్పనీ ఎగ్జిట్ దగ్గర — "నవ్వేసి ఊరుకోవచ్చుగా సరూ." నవ్వాననే అనుకున్నాను.

మా అమ్మాయి లత వెనక సీట్లో నిద్రపోయింది. నటిస్తోందేమో కూడా. పన్నెండేళ్ళకే అన్నీ వింటుంది.

మార్చి 26

417లో ఒక పేజీ లేదు. రెక్క మొదట్లో విమానం బరువంతా మోసే దూలం ఉంటుంది. ఇన్ని గంటలు ఎగిరాక ప్యానెల్ విప్పి, దూలానికి పగుళ్ళలోకి ఇంకే రంగు పూసి, సన్న పగులేమైనా ఉందేమో చూసి సంతకం పెట్టాలి. మిగతా అయిదు పెట్టెల్లోనూ ఆ పేజీ ఉంది. దీంట్లో లేదు. మూడుసార్లు చూశాను. చివరిసారి నేల మీద కూర్చుని, ఒక్కొక్క కాగితమూ విడదీసి.

పగులుంటే? రెక్క గాలిలో విరుగుతుంది. అంతే.

ఫ్రాంక్‌కి చెప్పాను. "రెగ్యులర్ల పెట్టెలు ఎప్పుడూ ఇంతే. ఫోన్ చేసి తెప్పిస్తా. నువ్వు బెంగపడకు."

ఏప్రిల్ 3, శనివారం. డ్రిల్

417 కదల్లేదు. అది తప్ప అన్నీ ఎగిరాయి. టామ్ కిటికీ దగ్గరికి వచ్చి మామూలు ప్రశ్న — "సారా, పేపర్ చూశావా?" ఎగిరే ముందు ప్రతిసారీ అడుగుతాడు. మొదట్లో వేళాకోళం అనుకున్నాను. కాదు. ఇద్దరు పిల్లలున్న మనిషి, నా మాట విని ఎక్కుతాడు.

చూశాను, ఒకటి రావాలి అన్నాను. సరేనని తలూపి వేరే విమానం తీసుకున్నాడు.

దూరం నుంచి డేల్ చూస్తున్నాడు. మమ్మల్నా, 417నా?

ఏప్రిల్ 14, బుధవారం

పేజీ వచ్చింది. పొద్దున పెట్టె తెరిస్తే దాని చోట అది ఉంది. వచ్చిన కవరు లేదు, టపా రిజిస్టరులో నమోదు లేదు. రెగ్యులర్ మెకానిక్ ఎవరిదో సంతకం, నిరుటి సెప్టెంబర్ తేదీ. "పగుళ్ళు లేవు."

ఫ్రాంక్ తల లోపలికి పెట్టి — "వచ్చిందిగా?" వచ్చింది అన్నాను. ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

సంతోషించాలి. ఎందుకో చేతిలోంచి దింపలేకపోతున్నాను ఆ కాగితాన్ని.

ఏప్రిల్ 15

కాగితం కింది మూల చిన్న అక్షరాలు — ఆ ఫారం ఎప్పుడు అచ్చయిందో. ఈ ఏడాది జనవరి.

జనవరిలో అచ్చయిన కాగితం మీద సెప్టెంబర్‌లో సంతకం ఎలా పెడతారు?

ఏప్రిల్ 16

ముందు డేల్ మీదే అనుమానం. ఫ్రాంక్ ఫోన్ చేసి ఉంటాడు, వాళ్ళు వెనక తేదీ వేసి పంపి ఉంటారు. మాకు అంటగట్టే విమానానికి అంతకంటే శ్రమ ఎందుకు పడతారు.

కాఫీ మిషన్ దగ్గర మామూలుగా అడిగినట్టు — మీ బేస్‌కి కొత్త ఫారాలు ఎప్పుడొచ్చాయి? "రాలేదు. నేను బయల్దేరిన రోజుకి పాతవే, ఇప్పటికీ పాతవే. ఏం?" ఏం లేదు, మాకు ఫిబ్రవరిలో వచ్చాయి. కప్పు నోటి దాకా తీసుకెళ్ళి తాగకుండా ఆపాడు. నన్నే చూశాడు. ఇంకేమీ అడగలేదు. అడక్కపోవడమే నాకు నచ్చలేదు.

అతను నిజం చెబితే, ఆ ఫారం మా అలమారాలోంచి వచ్చింది. అలమారాకీ గదికీ తాళంచెవులు రెండేసి. ఒక జత నా దగ్గర.

ఏప్రిల్ 22

ఫ్రాంక్.

రాయడానికే చెయ్యి రావట్లేదు. మూడేళ్ళ క్రితం ముప్పై మూడేళ్ళ ఇండియన్ ఆడమనిషిని గార్డ్‌లోకి ఎందుకని గదిలో అందరూ అంటుంటే, నేను నింపిన ఫారం ఎత్తి చూపి — "ఈ చేతిరాత చూడండి. నాకు ఈవిడే కావాలి." అంతే అన్నాడు. యూనిఫామ్ టోపీ పెట్టుకోవడం రాకపోతే అద్దం ముందు నిలబెట్టి నేర్పాడు. ఎర్ర పెన్సిల్ నా చేతికిచ్చి చెప్పిన మొదటి పాఠం — "విమానం మీద అనుమానముంటే దీంతో ఎర్ర ఇంటూ పెట్టు. అది ఉన్నంతసేపూ విమానం ఎగరదు. ఎవరైనా పెట్టొచ్చు. అందరూ చెరపలేరు. నేను చెప్పినా సరే చెరపకు."

ఇవాళ లంచ్‌లో వాళ్ళావిడ చేసిన ఆపిల్ కేక్ ముక్క నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఎప్పుడూ పెట్టేదే. ఇవాళ తినలేకపోయాను.

ఏప్రిల్ 24, శనివారం

ఆయనకి చెప్పేశాను. లత లైబ్రరీకి వెళ్ళింది.

"సంతకం నీది కాదు కదా?"

కాదు.

"మరి నీకెందుకు?"

టామ్ ఎక్కుతాడండీ అందులో.

కిటికీలోంచి పార్కింగ్ లాట్ కేసి చూస్తూ నిలబడ్డారు. తన ల్యాబ్‌లో ఎప్పుడూ ఒకే మాట చెబుతారు, కొలవందే నమ్మకూడదని. అది గుర్తు చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. చివరికి ఆయనే — "కాగితం తప్పని తేలితే, ఆ గదికి తాళంచెవి ఎవరి దగ్గరుంది అంటారు. ఇద్దరిలో ఒకరు ముప్పై ఏళ్ళ నుంచి ఉన్నవాడు. ఇంకొకరు నువ్వు. వాళ్ళ కళ్ళు ముందు ఎవరి మీద పడతాయో చూసుకో."

ఆ ఆలోచన నాకు రాలేదు. వచ్చాక పోవట్లేదు.

ఏప్రిల్ 28

ఫ్రాంక్‌ని అడగాలని రెండుసార్లు అతని గది దాకా వెళ్ళాను. మొదటిసారి ఫోన్‌లో ఉన్నాడు. రెండోసారి ఒక్కడే ఉన్నాడు.

ఏప్రిల్ 30

అడగలేదు.

మే 1, శనివారం. డ్రిల్, తనిఖీ

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఏడున్నరకి తనిఖీ వాళ్ళు వచ్చారు. ఆరు విమానాలూ వరసగా. రిజర్వ్ వాళ్ళు అవతలి కంచె దగ్గర నిలబడి చూస్తున్నారు, పెళ్ళివారిని చూసినట్టు. టామ్‌కి 417. హెల్మెట్ చంకలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సారా, పేపర్ చూశావా?"

నా వెనకాల ఫ్రాంక్. డేల్ గుమ్మంలో. నాకు ఊపిరి వినిపిస్తోంది — నాదో ఫ్రాంక్‌దో తెలియలేదు.

చూశాను అన్నాను. అని, పెన్సిల్ తీసి, 417 ఫారం మీద ఎర్ర ఇంటూ పెట్టాను. పక్కన రాశాను — రెక్క దూలం తనిఖీ జరిగినట్టు నమ్మకం లేదు. సంతకం. పూర్తి పేరుతో.

టామ్ నన్ను చూశాడు, నా భుజం మీదుగా ఫ్రాంక్‌ని చూశాడు. హెల్మెట్ బెంచీ మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు.

ఫ్రాంక్ నెమ్మదిగా — "నన్ను అడిగుండాల్సింది." గట్టిగా తిడితే బాగుండేది.

అయిదే ఎగిరాయి.

మే 2, ఆదివారం

ప్యానెల్ విప్పారు. రంగు పూశారు. దీపం పెట్టి చూశారు. తనిఖీ వాళ్ళు ఇద్దరు, డేల్, ఎడ్డీ. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

పగులు లేదు. వెంట్రుకంత కూడా.

మధ్యాహ్నానికి బేస్ మొత్తానికి తెలిసింది. భోజనాల గదిలో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. వెనక ఎవరో — "మంచి విమానాన్ని పడుకోబెట్టింది." తిరిగి చూడలేదు. గొంతు గుర్తుపడితే రేపు ఆ మనిషిని చూడలేను.

మే 3, సోమవారం

ఫ్రాంక్ వాళ్ళకి ఒప్పుకున్నాడట — కాగితం తానే రాశానని, సంతకం తానే పెట్టానని. కానీ తనిఖీ నిజంగా చేశాడట. మార్చిలో ఒక ఆదివారం ఒక్కడే వచ్చి, ప్యానెల్ విప్పి, దూలం చూసి, మళ్ళీ బిగించాడట. అసలు పేజీ దొరకలేదు, తన పేరుతో కొత్తగా రాస్తే మళ్ళీ మొదటి నుంచీ చూపించమంటారు, టైమ్ లేదు, అందుకని వేరే పేరు పెట్టాడట.

నిజమేనా? నిజమని తేలే దారి ఒకటుంది. ప్యానెల్ స్క్రూల తలల మీద రంగు ఉంటుంది. ఒక్కసారి విప్పితే ఆ రంగు చిట్లుతుంది. శనివారం నాటికి అది చిట్లి ఉందా లేదా?

డేల్ అంటాడు, చెక్కు చెదరలేదని. ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదని.

ఎడ్డీ అంటాడు, అప్పటికే చిట్లి ఉందని. ఆదివారం ప్యానెల్ దగ్గరికి డేల్ రాకముందే తాను టార్చి వేసి చూశానని.

నిన్న విప్పాక ఇప్పుడు అన్ని స్క్రూల రంగూ చిట్లే ఉంది.

మే 5

సెక్యూరిటీ ఆఫీసర్ పిలిచాడు. మర్యాదగా కుర్చీ చూపించాడు. 417 గురించి ఒక్క మాట లేదు. "మీ అన్నగారు ఇండియన్ ఎయిర్ ఫోర్స్‌లో మెకానిక్ కదా?" అవును, చేరినప్పుడే రాసిచ్చాను. "ఉత్తరాలు రాస్తుంటారా?" రాస్తుంటాను. "ఏం రాస్తారు?" వదిన మోకాళ్ళ నొప్పులు, అన్నయ్య కొడుకు మార్కులు. రాసుకున్నాడు. మోకాళ్ళ నొప్పులు కూడా రాసుకున్నాడు.

మూడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న ఈ వారమే ఎందుకు? ఎవరు గుర్తు చేశారు అతనికి?

ఫ్రాంక్‌కి అన్నయ్య సంగతి తెలుసు. డేల్‌కి కూడా — ఒకసారి కాఫీ దగ్గర నేనే చెప్పాను.

మే 8

"అమ్మా, ఆర్ యూ ఇన్ ట్రబుల్?"

ఎవరన్నారు?

"నాన్న ఫోన్‌లో మాట్లాడింది." మాట్లాడాడు అని దిద్దాను. "మాట్లాడాడు. రమణ అంకుల్‌తో. లాయర్ గురించి."

నాకు చెప్పకుండా. రమణ గారితో.

మే 12, బుధవారం

డేల్ గదిలోకి వచ్చి తలుపు వేశాడు. నేను లేచి తెరిచాను. నవ్వాడు.

"మంచి పని చేశావు. రెగ్యులర్ వైపు రికార్డుల్లో నీలాంటివాళ్ళు కావాలి. నీ గురించి అక్కడ ఒక మాట చెబుతా." తర్వాత, చాలా మామూలుగా — "ఆ పేజీ లేదని నాకు మొదటి వారంలోనే తెలుసు."

ఏ వారంలో అన్నాను.

"మార్చిలో. పెట్టె చూశాగా."

మరి ఎందుకు చెప్పలేదు?

"మీరు పట్టుకుంటారో లేదో చూడటమేగా నా పని."

తాడు ముడి మార్చింది ఇతనే, అయితే. చూసి వదిలేశాడా, తీసి వదిలేశాడా? ఆ మాట నోటి దాకా వచ్చింది. అడిగితే లేదంటాడు. లేదంటే నమ్మను. అడక్కుండానే అంతా అయిపోయింది.

ఒక్కటి మాత్రం అడిగాను. ఆ శనివారం నేను ఎర్ర ఇంటూ పెట్టకపోతే, టామ్‌ని ఎక్కనిచ్చేవాడివా?

"ఎక్కకముందు ఆపేవాణ్ణి." కొంచెం ఆగి చెప్పాడు. ఆ ఆగడం ఎంతసేపో ఇప్పటికీ లెక్క తేలట్లేదు.

మే 19

ఉత్తరం. నిర్ణయం వాయిదా. విచారణ ముగిసేదాకా విమానాలు ఎక్కడివక్కడే, ఎవరివీ కావు. అవతల రిజర్వ్ వాళ్ళు కొత్త షెడ్‌కి కొలతలు తీస్తున్నారని ఎవరో అన్నారు. కొలతలేనా, ఊరికే తిరుగుతున్నారా? కిటికీలోంచి చూస్తే నలుగురు టేపు పట్టుకుని కనిపించారు.

ఫ్రాంక్ సెలవులో ఉన్నాడు. పెట్టించారు.

మే 22, శనివారం

ఆయనా నేనూ గట్టిగానే మాటలనుకున్నాం. లాయర్ సంగతి నాకెందుకు చెప్పలేదన్నాను. "నువ్వు వద్దంటావని." వద్దనే అనేదాన్ని. "నీ మీదికి ఏమైనా వస్తే ఏం చేస్తాం సరూ, నాకు భయంగా ఉంది." పదిహేనేళ్ళలో ఆయన నోట ఆ మాట మొదటిసారి. నాకు కోపం పోయింది, పోకూడదనుకున్నా.

మే 26, బుధవారం

సాయంత్రం తలుపు తడితే ఫ్రాంక్. యూనిఫామ్ లేకుండా ఎప్పుడూ చూడలేదు. చిన్నగా కనిపించాడు. గంట సేపు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. ఆయన కుర్చీ వేశారు. నేను కాఫీ పెట్టాను.

లత స్కూల్ గురించి అడిగాడు. వాళ్ళావిడ తోటలో టమాటాల గురించి చెప్పాడు. విచారణకి నేను రాసివ్వాల్సిన స్టేట్‌మెంట్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కప్పు సింక్‌లో తానే పెట్టి, గుమ్మంలో ఆగి —

"నేను ప్యానెల్ విప్పాను సారా."

తలూపాను. నమ్మినట్టు ఊపానో, విన్నట్టు ఊపానో. అతనికి తెలియలేదు. నాకూ.

కారు వెళ్ళాక ఆయన — "నిజమే చెబుతున్నట్టుంది." అదే కదా భయం. ఆ సంతకం పెట్టేటప్పుడు కూడా అతని మొహం ఇలాగే ఉండి ఉంటుంది.

జూన్ 1

స్టేట్‌మెంట్ శుక్రవారానికి ఇవ్వాలి. మొదటి మూడు ప్రశ్నలకి రాసేశాను. ఫారం అచ్చు నెల. రెండు తాళంచెవులు. డేల్ మార్చిలోనే తెలుసన్న మాట — అది కూడా రాశాను, ముందు కొట్టేసి, మళ్ళీ రాశాను.

నాలుగో ప్రశ్న — మే 1కి ముందు ప్యానెల్ విప్పారని మీరు నమ్ముతున్నారా? ఎవరి మాట మీద?

చూశారా అని అడగలేదు. నమ్ముతున్నారా అని. అవునంటే గార్డ్‌ని కాపాడినట్టు. కాదంటే రెగ్యులర్ల చేతికి ఇచ్చినట్టు. ఎందుకు అలా అడిగారో కూడా అనుమానమే.

జూన్ 3

నాలుగో దానికి ఖాళీ వదిలి పంపాను. అరగంటలో విచారణ ఆఫీసర్ ఫోన్. "ఖాళీ జవాబు కాదు మేడమ్."

జూన్ 4, శుక్రవారం

సాయంత్రం ఐదింటికి ఇస్తానని చెప్పాను. నాలుగింటికి ఎడ్డీ ఫోన్ చేశాడు, ఉత్తరాల డ్యూటీ దిగి, బయట ఎక్కడి నుంచో. వెనక లారీల మోత.

"నేను రాసిచ్చేశాను. రంగు చిట్లి ఉంది, నా కళ్ళతో చూశాను అని. నువ్వూ నా మాట మీద నమ్ముతున్నానని రాస్తే చాలు. ఫ్రాంక్ బయటపడతాడు. విమానాలు మనకుంటాయి."

ఎడ్డీ, నిజంగా చూశావా?

లారీ ఒకటి వెళ్ళింది. ఇంకొకటి.

"నువ్వు అక్కడ లేవు కదా సారా."

ఫోన్ పెట్టేశాడు.

నాలుగో ప్రశ్న దగ్గర ఖాళీతో కాగితం ముందుంది. నాలుగున్నర అయింది.